చప్పుడు చాలన్న మామ

మామ పోయాడన్న కబురు నాకు దోహా వెస్ట్ బేలో, కారులో కూర్చుని ఉండగా అందింది. మా మేడం ఆఫీసు ముందు దిగి లోపలికి వెళ్ళింది. నేను పార్కింగులో కాస్త నీడ వెతుక్కుని సీటు వెనక్కి వాల్చాను. ఫోను మోగింది. మామతో పాటు తోటలో పనిచేసే నేపాలీ అతను. "చాచా ఉఠ్ నహీ రహా" అన్నాడు. చాచా లేవడం లేదంటే అలిసి పడుకుని ఉంటాడులే, కాసేపు లేపకు అన్నాను. అతను మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి ఏడుస్తూ. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

పొద్దున టమాటా మడులకు నీళ్ళు పెట్టాడట. టీ తాగాడట. గదిముందు ఇనప మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడట. గుండె అన్నారు డాక్టర్లు. ఆ సంగతి విన్నాక కూడా నేను కారు దిగలేదు. దిగి ఎక్కడికి పోవాలి? మేడం సాయంత్రం వస్తుంది, అప్పటికి కారు అక్కడుండాలి. అద్దాల మేడల మధ్య, ఏసీ వేసుకుని, తలుపులు బిగించుకుని ఏడ్చాను. ఇంటి డ్రైవరుకు ఏడవడానికి అంతకంటే మంచి చోటు ఈ దేశంలో లేదు.

మామ అంటే మేనమామ అనుకునేరు. మా ఇద్దరికీ చుట్టరికం లేదు, మధ్యలో తుంగభద్ర ఉంది, అంతే. ఆ ఒడ్డున గద్వాల జిల్లాలో ఆయన ఊరు, ఈ ఒడ్డున కర్నూలు వైపు మాది. అక్కడున్నన్నాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇక్కడ మెసైమీర్‌లో ఒక కిరాణా కొట్టులో, మలయాళీ కొట్టువాడి ముందు రెండు అరచేతులూ తపతప కొట్టి చూపిస్తున్న ఒక పెద్దమనిషి కనపడ్డాడు. కొట్టువాడు బిత్తరపోయి చూస్తున్నాడు. జొన్నరొట్టె తట్టడం అది. జొన్నపిండి కావాలని ఆ పెద్దమనిషి అడుగుతున్నాడని నాకు చూడగానే తెలిసింది.

"యాడ మామా మీది?" అని అడిగాను.

ఊరి పేరు చెప్పాడు.

"ఓ, ఏటికి అవతలా."

"అవతల నీకు. నాకు ఇవతల్నే" అన్నాడు, మొహంలో నవ్వు లేకుండా. ఆ మాటతో నాకు ఆయన మామ అయిపోయాడు.

ఆయన పని దోహాకు ఉత్తరాన, మదీనత్ అల్ షమాల్ ఊరు దాటాక, ఎడారిలో ఒక కఫీల్ తోటలో. కఫీల్ అంటే మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని. చలికాలం టమాటా, దోస. ఎండాకాలం ఖర్జూరం. నెలకోసారి కఫీల్ సరుకుల బండిలో దోహా వచ్చి, శుక్రవారమంతా నా గదిలో ఉండి పోయేవాడు. మిగతా రోజుల్లో ఫోను. నేను వెస్ట్ బేలో కారు ఆపుకుని ఎదురుచూసే వేళ ఆయనకు బాగా తెలుసు. "తింటివా?" అనేది మొదటి మాట. తిన్నానంటే ఏం తిన్నావో చెప్పాలి. ఉప్మా అంటే "అదేం తిండి" అని తిట్టేవాడు. ఇంతమంది జనం ఉన్న ఊళ్ళో నేను తిన్నానా లేదా అని అడిగిన మనిషి ఆయనొక్కడే.

తోటలో గోరింకల బెడద. అక్కడ మామ ఒక ఖాళీ నూనె డబ్బాలో గులకరాళ్ళు పోసి, మడుల మధ్య కర్రకు వేలాడగట్టి, దానికో పొడుగాటి తాడు కట్టాడు. ఆ తాడు కొస తెచ్చి కాలి బొటనవేలికి కట్టుకునేవాడు. మంచం మీద పడుకుని, కళ్ళు మూసుకుని, కాలు కదిపితే డబ్బా గలగలమనేది, గోరింకలు లేచేవి. నేను చూసి నవ్వితే, "మా ఊర్ల ఈ పనికి తుపాకి ఉంటది నాకు" అన్నాడు.

నిజంగానే ఉంది. ఒంటి గొట్టం తుపాకి, పంట కాపలాకని సర్కారు ఇచ్చిన లైసెన్సుతో. నాన్న తరవాత ఆయన పేరు మీదికి వచ్చింది. వేరుశనగలో అడవిపందులు పడితే ఆకాశంలోకి పేల్చేవాడు. పందిని ఏనాడూ కొట్టలేదు.

"కొట్టి ఏం చేస్కుంటం రా? చప్పుడు సాలు" అనేవాడు.

ఆ మాట ఆయనకు అన్నిటికీ పనికొచ్చేది. మా మేడం నామీద అరిచిన రోజు నేను కుమిలిపోతుంటే, "చప్పుడే గదా, పోనియ్" అన్నాడు. కఫీల్ తిట్టినా అంతే. ఈ దేశంలో బతకడానికి నాకు దొరికిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే.

ఒకసారి కఫీల్ కొడుకు వేటకు పోతూ బండి ఎక్కబోయి, కాసేపు పట్టుకోమని తన తుపాకి మామ చేతికి ఇవ్వబోయాడు. మామ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "బాబా, రుక్సా మాఫీ" అన్నాడు. లైసెన్సు లేదు అని. ఆ కుర్రవాడు పడీపడీ నవ్వాడు, పట్టుకోవడానికి లైసెన్సేమిటని. మామ మాత్రం చేతులు ముందుకు తేలేదు. పరాయి తుపాకి ముట్టకూడదని అంత గట్టిగా తెలిసిన మనిషికి తన తుపాకి సంగతి తెలియకపోవడం ఏమిటని నేను ఇప్పటికీ తల పట్టుకుంటాను.

ఆయన చేసిందిది. ఖతర్‌కు వచ్చేటప్పుడు తుపాకిని చేను చూసుకునే తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడు, పలుగూ పారా అప్పజెప్పినట్టు. లైసెన్సు మామ పేరు మీద, తుపాకి తమ్ముడి చేతిలో. ఏళ్ళ తరబడి ఎవరూ అడగలేదు. కిందటి వానాకాలం దాని గుర్రం, మీట నొక్కితే పడే సుత్తి, బిగుసుకుపోతే, బాగుచేయిద్దామని తమ్ముడు గోనెసంచిలో చుట్టుకుని, మోటారు సైకిలు మీద కర్నూలుకు బయలుదేరాడు. వాళ్ళకు చెప్పులు తెగినా, పన్ను నొప్పి వచ్చినా కర్నూలే దగ్గర. ఏటి మీద వంతెన దాటితే చాలు. ఆ వంతెన నడిమధ్యలో ఇప్పుడు ఒక రాష్ట్రం అయిపోయి ఇంకోటి మొదలవుతోందన్న సంగతి చెప్పులు కుట్టించుకునేవాళ్ళకు గుర్తుండదు. వంతెన దిగగానే ఉన్న చెక్‌పోస్టులో పోలీసులు సంచి విప్పించారు. తమ్ముడిని అరెస్టు చేశారు.

ఆ వార్త వచ్చిన శుక్రవారం మామ నా గదిలోనే ఉన్నాడు. ఇంకో ఇద్దరు కూడా. ఒకాయన కడప డ్రైవరు, ఇంట్లో తాతలనాటి రెండు గొట్టాల తుపాకి ఉందని ఎవరు దొరికినా చెప్పేవాడు. రెండో ఆయన జగిత్యాల మేస్త్రీ, ఆయన నాన్నకూ మామలాగే పంట తుపాకి ఉంది. అన్నం ముందు పెట్టుకుని ముగ్గురు తుపాకుల ఆసాములూ వాదనకు దిగారు. తుపాకి లేనివాణ్ణి నేనొక్కణ్ణే, కాబట్టి వడ్డించాను.

"లైసెన్సు రాష్ట్రమంతా చెల్లుతాది" అన్నాడు కడపాయన.

"ఏ రాష్ట్రం? ఆ లైసెన్సు రాసినప్పుడు రాష్ట్రం ఒక్కటే ఉండె. గిప్పుడు రెండాయె" అన్నాడు మేస్త్రీ.

"రాసినప్పుడు కర్నూలు అందులోనే కదా. అయితే చెల్లాల్సిందే."

"మరి మల్ల రాయించుకున్నప్పుడు ఏం రాసిండ్రు? జిల్లా వరకే అని రాస్తే?"

"మా తాతది దేశమంతా చెల్లుతాది."

"మీ తాత సంగతి ఎవరడిగిండ్రు?"

మామ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. చివరికి కడపాయన గొంతు తగ్గించి, అసలు తప్పు వంతెన దాటడం కాదన్నాడు. లైసెన్సు ఎవరి పేరు మీదుందో వాళ్ళ దగ్గరే తుపాకి ఉండాలట. దేశం వదిలి పోయేవాడు స్టేషన్లోనో, తుపాకులు అమ్మే డీలరు దగ్గరో పెట్టి పోవాలట. "ఇంట్లో వదిలి వచ్చిందే కేసు మామా. ఏటికి ఏ పక్కనున్నా కేసే" అన్నాడు.

మామకు అది మింగుడు పడలేదు. "తుపాకి చేనుది రా, నాది గాదు" అన్నాడు. "నేను ఖతర్‌కు వస్తి, చేను రాలే గదా. చేను ఆడ్నే ఉంటె తుపాకి ఆడ్నే ఉండాలె."

చట్టం ఎలా ఉన్నా, ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. చేను కాయడానికే కదా ఇచ్చింది.

తరవాత సలహాలు మొదలయ్యాయి. ఇద్దరూ ఒకటే చెప్పారు. నువ్వు నోరెత్తకు మామా. నీ పేరు బయటికొస్తే నీ మీదా కేసు, పాస్‌పోర్టుకు చిక్కు, మళ్ళీ ఇక్కడికి రాలేవు. తమ్ముడు అన్న పెట్టెలోంచి తెలియక తీశానని చెప్పుకుంటే పోతుంది. మామ అన్నం కలిపిన చేతిని అలాగే ఉంచుకుని విన్నాడు.

"అంటె, మావోడు దొంగ కావాలె" అన్నాడు.

చెయ్యి కడుక్కుని, నన్ను ఆ స్టేషను నంబరు వెతకమన్నాడు. మా ముగ్గురి ముందే ఫోను చేశాడు, స్పీకరు పెట్టి.

"సార్, తుపాకి నాది. మా తమ్మునికి నేనే ఇచ్చి వచ్చిన. ఆనిది ఏం తప్పు లేదు."

"ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావ్?"

"ఖతర్ సార్. దోహా."

"దుబాయా?"

"దుబాయే అనుకోండ్రి సార్."

ఫోన్లో చెబితే కుదరదు, వచ్చి ఎదురుగా నిలబడి చెప్పమన్నాడు అవతలి మనిషి. వస్తానన్నాడు మామ. ఫోను పెట్టేశాక వెళ్ళి, కడుక్కున్న చేతినే మళ్ళీ కడుక్కున్నాడు. ఆయన భయపడగా చూడటం నాకదే మొదటిసారి.

కఫీల్ సెలవిచ్చాడు, కానీ టమాటా కోత అయిపోయాక. తమ్ముడికి బెయిలు దొరికింది. ఇంటికొచ్చిన తమ్ముడు అన్న ఫోను ఎత్తడం మానేశాడు. ఊరందరి ముందు పోలీసు బండెక్కిన మనిషి, కోపం రాకుండా ఎలా ఉంటుంది? మామ రోజూ చేసేవాడు. ఎత్తకపోతే నాకు చేసేవాడు. "తింటివా?" అని అడిగి, నా జవాబు వినకుండానే, "ఆడు ఎత్తలే" అనేవాడు. "పోయి ఎదురుంగ నిలబడ్తె మాట్లాడ్తడు. చిన్నప్పటి సంది ఆనికి ఎదురుంగ కోపం నిలవదు." ఆ ఒక్క ఆశ మీద మడులకు నీళ్ళు పెట్టాడు ఆ చలికాలమంతా.

తమ్ముడి కోసం ఒక పెద్ద టార్చిలైటు కొన్నాడు. నేనే కొట్టుకు తీసుకుపోయాను. కొట్టులో దాన్ని పైకప్పు మీదికి కొట్టి చూసుకుని, "తుపాకి ఎట్లాగూ రాదు ఇగ. పందులకు ఎలుతురన్న ఉండాలె" అన్నాడు. సూట్‌కేసులో అన్నిటికంటే పైన పెట్టుకున్నాడు. కోత సగంలో ఉండగానే పోయాడు.

మామ శవపెట్టెను విమానానికి పంపిన రోజు నేనూ, కడపాయనా, మేస్త్రీ వెళ్ళాం. ఇంకెవరూ లేరు. మామను అంతకు ముందు మంచం మీద, మడుల్లో, నా గదిలో చాప మీద చూశాను. చెక్కపెట్టె మీద ఇంగ్లీషులో రాసిన పేరుగా చూడలేకపోయాను. తిరిగి వస్తూ బండిలో వాళ్ళిద్దరూ మళ్ళీ వాదించుకున్నారు. మామ పోలీసులతో అన్న మాట మనం ముగ్గురం విన్నాం కాబట్టి మన సాక్ష్యం చెల్లుతుందని మేస్త్రీ, పోయినవాడి మాట మనం చెబితే కోర్టు వినదని కడపాయన. ఎవరిది నిజమో నాకు తెలియదు. సెలవుకు వెళ్ళినప్పుడు ఆ స్టేషనుకు పోయి విన్నది విన్నట్టు చెప్పి వస్తాను. చెల్లకపోతే చెల్లకపోనీ.

మొన్న శుక్రవారం మేడంను బతిమాలుకుని కారు తీసుకుని, మామ సూట్‌కేసు కోసం తోటకు వెళ్ళాను. నేపాలీ అతను దాన్ని తుడిచి మంచం మీద పెట్టి ఉంచాడు. మడుల్లో ఏరకుండా వదిలేసిన టమాటాలు పండి పగిలిపోయి ఉన్నాయి. గోరింకలు ఎవరి భయమూ లేకుండా తింటున్నాయి. తాడు కొస మంచం కాలికి ముడివేసి ఉంది. నేను సూట్‌కేసు పక్కన కూర్చున్నాను. అప్పుడు నాకు ఫోను వచ్చింది. మామ తమ్ముడు.

కర్మకాండలన్నీ అయ్యాయని చెప్పాడు. కేసు నడుస్తూనే ఉందన్నాడు. నేను సెలవుకు రాగానే స్టేషనుకు వస్తానని చెప్పాను.

"అన్న నా సంగతి మాట్లాడుతుండెనా?" అని అడిగాడు.

"మాట్లాడని దినం లేదబ్బా."

"కోపంగనా?"

"కాదు. నువ్వు ఎత్తలేదని."

ఉత్తరపు గాలి లేచి డబ్బా తనంతట తానే రెండుసార్లు గలగలమంది.

"అదేం చప్పుడు?" అన్నాడు.

చెప్పాను. నూనె డబ్బా, గులకరాళ్ళు, తాడు, బొటనవేలు అన్నీ చెప్పాను. అవతల అతను ముక్కు చీదుకోవడం వినిపించింది.

"అన్నా" అన్నాడు. "ఒక్కపాలి గుంజవా. నేను గూడ ఇంట."

నేను ఫోనును డబ్బా వైపు చాపి, రెండో చేత్తో తాడు లాగాను. గోరింకలన్నీ ఒక్కసారిగా లేచాయి.

"ఇంకోపాలి" అన్నాడు.

లాగాను. అతను చాలు అనలేదు, నేను ఆపలేదు. గోరింకలు మడుల మీద ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వచ్చి వాలుతున్నాయి.