ఫైలు తెరిచిన తోటికోడలు

బడి వ్యాను నడిపే ఆమెను పిల్లలంతా డ్రైవరమ్మ అనేవారు. కోపమొస్తే నోరు ఊరుకోదు గానీ, స్టీరింగు మీద చెయ్యి ఎప్పుడూ వణకలేదు. భర్త పోయాక నిద్ర కరువై, ఊరికే గుండెదడ వస్తుంటే ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించుకుంది. మందులు వాడింది, తేరుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆసుపత్రిలోనే ఆమె తోటికోడలు కంప్యూటరు దగ్గర పనిచేసేది. ఇంట్లో పైవాటా తోటికోడలిది, కిందివాటా ఈమెది. నీళ్ల మోటారు దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగిన మర్నాడు, డ్రైవరమ్మ ఫైలు ఫొటో ఆ బడి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమైంది. తోటికోడలి కొడుకు చదివేదీ అక్కడే. "మీ పిల్లల్ని ఎవరి చేతుల్లో పెడుతున్నారో చూసుకోండి" అని తన పేరుతోనే రాసింది. సాయంత్రానికల్లా హెడ్మాస్టరు వ్యాను తాళాలు తీసేసుకున్నాడు.

డ్రైవరమ్మ తిన్నగా ఆసుపత్రికి వెళ్లింది. ఫిర్యాదులు చూసే అధికారి నసిగాడు.

"ఇంట్లోవాళ్ల గొడవేగా, మీలో మీరు సర్దుకోండమ్మా."

"ఇల్లు మాదే, కంప్యూటరు మీది. నన్నడక్కుండా నా జబ్బు సంగతి బయటికి పంపకూడదని చట్టముందా, లేదా?"

"ఉంది."

"అయితే రాసుకోండి. లేదంటే మీ మీద కూడా కేసు పెడతా."

ఇంటికొచ్చేసరికి, ఫిర్యాదు సంగతి అప్పటికే తెలిసిన అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"దాని పొట్ట కొడతావా? ఇంటి పరువు బజారున పడేస్తావా?"

"నా పరువు పడేసినప్పుడు ఎక్కడున్నారత్తయ్యా?"

మరిది భార్య తరఫున బతిమాలాడు. "వెనక్కి తీసుకో వదినా."

"తప్పయిందని ఆ గ్రూపులోనే రాయమను, తీసుకుంటా."

తోటికోడలు మెట్ల మీంచే అంది: "ఉన్నమాటేగా పెట్టాను. పిచ్చిదాన్ని పిచ్చిదనక ఇంకేమంటారు?"

దాంతో రాజీ మాటే లేకుండా పోయింది.

విచారణలో తోటికోడలు పిల్లల మేలు కోరే చేశానంది. "మీ పనికి ఆ ఫైలుతో ఏం అవసరం?" అని అడిగితే మళ్లీ పిల్లల మాటే ఎత్తింది. ఆమె ఉద్యోగం పోయింది, ఫిర్యాదు పై అధికారుల దాకా వెళ్లి ఆసుపత్రికీ జరిమానా పడింది.

డ్రైవరమ్మ నిక్షేపంగా బండి నడపొచ్చని వైద్యుడు రాసిచ్చాడు. అయినా తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. చూసినదాన్ని వాళ్ల బుర్రల్లోంచి ఏ చట్టం తీసేస్తుంది? ఆమె పాల కంపెనీ వ్యానుకు కుదిరింది. మరిది ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. ఆమె హారన్ కొట్టి మరీ ముందుకు పోతుంది.