నాన్న రాయించిన ఆదాయం

మొన్న ఆదివారం పొద్దున తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, పై వాటాలో ఉండే మా అమ్మాయి కూతురు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నా పక్కనే చాప మీద కూర్చుంది. ఇంజనీరింగులో సీటు వచ్చింది కదా, ఫీజులో కొంత ప్రభుత్వం ఇస్తుందట, మిగిలినదానికి బ్యాంకులో చదువు లోను తీసుకోవాలట, ఆ రెండు దరఖాస్తులూ ఒకేసారి నింపేద్దామని దాని తొందర. ఆ రెంటికీ తేడా ఏమిటో దానికి సరిగ్గా అర్థం కాక తికమక పడుతుంటే నేనే చెప్పాను: మొదటిది ఇస్తే ఇచ్చినట్టే, మళ్ళీ అడగరు, రెండోది మాత్రం చదువయ్యాక, ఉద్యోగం వెతుక్కోవడానికి కాస్త గడువిచ్చి, ఆ తరవాత నెలనెలా వసూలు చేస్తారు, ఈలోగా వడ్డీ ఎవరు కడతారన్నది ముందే అడిగి తెలుసుకోవాలి, సంతకం పెట్టే ముందు చిన్నక్షరాలు కూడా చదవాలి. అది ఆశ్చర్యపోయి, ఇవన్నీ నీకెలా తెలుసని అడిగింది. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, ఆ తేడా మీదే కదా నా బతుకంతా నడిచింది.

అంతలో మా అల్లుడు కాఫీ గ్లాసుతో దిగి వచ్చి, ఆదాయ ధ్రువపత్రం సంగతి ఎత్తాడు. మంచివాడే, నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనలేదు.

"కాస్త తగ్గించి రాయించుకుందామండి అత్తయ్యా, అందరూ చేసేదే. ఆదాయం తక్కువుంటే చదువైందాకా వడ్డీ గవర్నమెంటే కడుతుందంట" అన్నాడు.

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆదాయ ధ్రువపత్రమన్న మాట వింటే నాకు ఇప్పటికీ మా నాన్నే కళ్ళ ముందుకొస్తారు.

మాది చెరుకుపల్లి దగ్గర పల్లెటూరు. తాతల నాటి పొలం అన్నదమ్ముల పంపకాల్లో కరిగిపోగా నాన్నకు మిగిలింది ఎకరం, దానికి తోడు ఇంకో రెండెకరాలు కౌలుకు చేసేవారు. వరి కోసి మినుములు చల్లుకుంటే ఏడాదికి తిండికి సరిపోయేది, అంతే. అయినా ఊళ్ళో మా కుటుంబానికి పాత పేరుండేది, ఆ పేరు నాన్న భుజం మీద కండువాలాగే ఉండేది. ఇంట్లో గింజలు ఉన్నా లేకపోయినా అది మాత్రం ఉతికి మడత పెట్టి ఉండాల్సిందే. నేను రోజూ బస్సెక్కి రేపల్లె వెళ్ళి చదువుకున్నాను. అక్కడ హైస్కూల్లో మాకు సైన్సు చెప్పే టీచరమ్మ ఉండేవారు, లూథరన్ క్రైస్తవులు, తెల్ల చీర, చేతికి గడియారం తప్ప ఇంకో వస్తువుండేది కాదు. ఆకు అడుగు పొరను పలచగా ఒలిచి కుంటి మైక్రోస్కోపులో పెట్టి చూపించి, ఆకు ఊపిరి పీల్చే రంధ్రాలు ఇవేనని ఆవిడ చెప్పిన రోజున నాకు మతిపోయింది. తెనాలిలో డిగ్రీ చదవాలనీ, ఆ తరవాత ఎమ్మెస్సీ చేసి అలాంటి మైక్రోస్కోపు ముందే జీవితమంతా కూర్చోవాలనీ అప్పుడే మనసులో అనుకున్నాను. ఇది చదువుతున్న నా ఈడు ఆడవాళ్ళకు చెప్పక్కరలేదు, అనుకోవడం ఒక్కటే మనకప్పుడు ఉచితంగా దొరికేది.

తెనాలి కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్పు రావాలి, లేకపోతే పుస్తకాలు కట్టిపెట్టి ఇంటికి రావాలి. దానికి తండ్రి ఆదాయం రాయించిన కాగితం తెమ్మన్నారు. ఆ పని నాన్న తన మీద వేసుకున్నారు. ఉతికిన పంచె కట్టుకుని కరణంగారింటికి వెళ్ళారు; ఆ సమయానికి ఆ అరుగు మీద ఊళ్ళో పెద్దలు నలుగురూ ఉన్నారట. కరణంగారు ఎంత రాయమంటారని మర్యాదగా అడిగితే, నాన్న కౌలు పొలం కూడా సొంతమన్నట్టే చెప్పి, పాడి అనీ, గడ్డివాములనీ కలిపి, మా తాత బతికున్న రోజుల్లో ఉన్నంత ఆదాయం రాయించారు. కరణంగారికి నిజం తెలియక కాదు. ఒక పెద్దమనిషి నలుగురిలో చెప్పిన మాటను కాదనడం ఆ రోజుల్లో ఎవరూ చేసే పని కాదు. పెళ్ళివారికి మన ఇంటి సంగతులు చెప్పేటప్పుడు కాస్త ఎక్కువే చెబుతాం కదా, కాలేజీవాళ్ళకు చెప్పడమూ అలాంటిదేనని నాన్న అనుకున్నారు. ఇంటికొచ్చి ఆ కాగితం నా చేతిలో పెడుతూ ఆయన ముఖం ఎంత వెలిగిపోయిందంటే, నేను అందులో ఏముందో కూడా చూడలేదు.

చూసింది తెనాలి కాలేజీ ఆఫీసులో గుమాస్తాగారు. కళ్ళజోడు పైకెత్తి, కాగితం రెండుసార్లు చదివి, నా వెలిసిన వాయిల్ ఓణీ వైపు ఒకసారి చూసి, మీ నాన్నగారు పెద్ద ఆసామీ అమ్మా, మీకు ఈ స్కాలర్‌షిప్పు రాదు అన్నారు. అందులో వెటకారం లేదు, అదే ఇంకా బాధనిపించింది. వెళ్ళి మార్చి రాయించుకు రమ్మని ఆయనే సలహా ఇచ్చారు. మార్చాలంటే నాన్న మళ్ళీ ఆ అరుగెక్కి, ఆ నలుగురి ముందే, తాను చెప్పిందంతా లేనిదని చెప్పుకోవాలి. నాకప్పుడు పదిహేడేళ్ళు, ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. కానీ ఆ కోపంలో కూడా నాన్నను ఆ అరుగు మీద అలా నిలబెట్టడానికి నా మనసొప్పలేదు.

నేను కదలకుండా నిలబడితే గుమాస్తాగారికే జాలేసి, ఇంకో రకం ఉందన్నారు. దాన్నీ స్కాలర్‌షిప్పనే అంటారు గానీ అది అప్పు, మార్కులు బాగుంటే ఇస్తారు, ఉద్యోగమొచ్చాక తీర్చాలి. ఒకవేళ బడిలో పంతులమ్మగా చేరితే మాత్రం, పనిచేసిన ఒక్కో ఏడాదికీ పదోవంతు చొప్పున మాఫీ చేస్తారు. ఆస్తి ఉన్నవాళ్ళెవరైనా హామీ సంతకం పెట్టాలి. నేను బస్సెక్కి ఊరికి వెళ్ళలేదు, రేపల్లె వెళ్ళి టీచరమ్మ ముందు ఏడ్చాను. ఆవిడ నన్నేమీ అడగకుండా మంచినీళ్ళిచ్చి, తన ఇంటి స్థలం కాగితం తీసి, చూపించిన చోటల్లా సంతకం పెట్టారు. నాన్నతో మాత్రం స్కాలర్‌షిప్పు వచ్చిందని చెప్పాను, తనకు చదవడం రాని ఇంగ్లీషు ఫారం మీద తండ్రి సంతకం ఉండాల్సిన చోట ఆయన సంతకం చేశారు. పెద్ద ఇంటి పిల్లని తెలిసే ఇచ్చుంటారని అమ్మతో గర్వంగా అన్నారు కూడా.

డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీకి వెళ్ళలేదు. అప్పు మాఫీ అవ్వాలంటే బడిలో చేరాలి, టీచరమ్మ స్థలం విడిపించాలి. బీఎడ్ చేసి బాపట్లలో హైస్కూల్లో చేరాను. వ్యవసాయ కాలేజీ వైపు బస్సులో వెళ్తున్నప్పుడల్లా తెల్లకోట్లు వేసుకుని నడిచే ఆడపిల్లల్ని మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. పిల్లలకు పాఠం చెప్పడం నాకు ఇష్టమే, లేదంటే అబద్ధం. అయినా ఆ మైక్రోస్కోపు మీద బెంగ మాత్రం ఇప్పటికీ పోలేదు.

పదేళ్ళు గడిచాక అప్పు పూర్తిగా తీరినట్టు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. స్వీటు కొనుక్కుని రేపల్లె వెళ్ళాను. టీచరమ్మ అప్పటికి రిటైరయ్యారు. కాగితం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆవిడ అన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"ఇక మినుములు పట్టుకుని ఎవరొస్తారమ్మా? మీ నాన్నగారు ఏటా పంట ఇంటికొచ్చాక ఒక సంచీ తెచ్చేవారు. గుమ్మంలోనే నిలబడి, మా అమ్మాయి బాకీ ఇంకా ఎన్నేళ్ళుందండీ అని అడిగి వెళ్ళిపోయేవారు."

నేను బడిలో చేరిన మొదటి ఏడాది, నాకు చదువు చెప్పినందుకు దండం పెట్టడానికి నాన్న వస్తే, అప్పు సంగతి ఆయనకు తెలుసుననుకుని ఆవిడే నోరు జారారట. నేను రాయించిన కాగితం వల్లనేనా అని ఆయన ఒక్కటే అడిగారట. తనకు తెలిసిందని అమ్మాయికి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారట.

నాన్న అంతకు ముందు ఏడాదే పోయారు. పదో సంచీ రాలేదు.

ఇదంతా నేను అల్లుడికి చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టే రాయించు నాయనా, వడ్డీకి నా పెన్షన్ ఉంది, హామీ సంతకం నేను పెడతాను అన్నాను. అతను కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "అలాగేనండి" అన్నాడు. అప్పుడు మా మనవరాలు ల్యాప్‌టాప్ వాళ్ళ నాన్న వైపు తిప్పి, ఇదిగో నాన్నా, ఇంత అప్పు, ఇన్నేళ్ళు, నేనే తీరుస్తాను, నువ్వేం దిగులు పడకు అని చెప్పసాగింది. అతను దాని పక్కనే చాప మీద కూలబడి, కళ్ళు చికిలించి ఆ అంకెలు చూస్తున్నాడు. మధ్యమధ్యలో ఇద్దరూ వాదించుకుంటున్నారు కూడా.

అప్పులు మా రోజుల్లోనూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. తండ్రీ కూతుళ్ళు ఒకే చాప మీద కూర్చుని వాటి గురించి మాట్లాడుకోవడమే మాకు లేదు. ఆయన పరువు నేనూ, నా పరువు ఆయనా ఏళ్ళ తరబడి కాపాడుకుంటూ వచ్చాం. నాన్నా, నాకు స్కాలర్‌షిప్పు రాలేదు, ఇప్పుడేం చేద్దాం అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆయన కూడా కండువా పక్కన పెట్టి నా పక్కన కూర్చునేవారేమో. ఎమ్మెస్సీ పోతే పోయింది గానీ, ఆ ఒక్క పొద్దు నాకు కావాలి.