ఎర్రదారం కట్టిన బాండలి

ఆదోనిలో హైస్కూలు చదువుకునేటప్పుడు నేను వారాలు చేసుకుని తినేవాణ్ణి. మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. ఆదోనిలో మావాళ్ల ఇళ్లు కొన్ని ఉండేవి. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, అలా శుక్రవారం దాకా అన్నం కుదిరింది. శని, ఆదివారాలకు మాత్రం ఏ ఇల్లూ దొరకలేదు. ప్రతి వారం బస్సెక్కి ఊరికి పోయి రావడం మా నాయన తాహతుకు మించిన పని.

మా లెక్కల అయ్యవారు ఒకసారి పన్ను పీకించుకోవడానికి బజారులోని చీనా డాక్టరు దగ్గరికి పోయి, మాటల్లో నా సంగతి కదిలించారు. డాక్టరుకు ఒక కొడుకు, ఒక కూతురు. వాళ్లకు తెలుగు రాయడం, చదవడం నేర్పాలి. శని, ఆదివారాలు అక్కడే తినాలి. అదీ కుదిరిన ఏర్పాటు.

దుకాణం ముందు ఎర్రటి చిగుళ్లతో పెద్ద పళ్లవరుస బొమ్మ గీసిన బోర్డు ఉండేది. లోపల ఒక ఎత్తు కుర్చీ, అద్దాల బీరువాలో సున్నంతో పోతపోసిన దవడల అచ్చులు, ఒక నీలం తెర. ఆ తెర వెనకే ఇల్లు. ఎక్కడైనా లవంగనూనె వాసన తగిలితే ఇప్పటికీ నేను ఆ తెర ముందు నిలబడి ఉంటాను.

శనివారం అక్కడ తినాలని తెలిసి, గురువారం అన్నం పెట్టే ఇంటి అవ్వ నన్ను గట్టిగా హెచ్చరించింది.

"ఒరేయ్, వాళ్లు కప్పలు తింటారంట. పాములు గూడ. ఆడ పెట్టిందల్లా తిని మళ్లా మా గడప తొక్కద్దు."

నాకు కప్పల భయం ఒకటి, గురువారం అన్నం పోతుందన్న భయం ఇంకొకటి. అందుకే డాక్టరు భార్య మొదటిరోజు "ఏం తింటావప్పా?" అని అడిగినప్పుడు, నేను క్షణం కూడా ఆలోచించలేదు.

"మాంసం ముట్టనమ్మా. చేపలు, గుడ్లు కూడా. మా ఇంట్లో ఎవరూ ముట్టరు."

నా ఒక్కడి అబద్ధానికి ఇంటిల్లిపాదినీ తోడు తెచ్చుకున్నాను. మా ఇంట్లో మాంసం వండిన రోజు బొమికల కోసం నాకూ మా నాయనకూ పోట్లాట.

ఆమె ఆ మాటను నోములా పట్టుకుంది. మరుసటి శనివారానికి కొత్త బాండలి ఒకటి కొని తెచ్చింది. పిల్లలు పొరపాటున వాడకుండా దాని చెవికి ఎర్రదారం కట్టి, మిగతా గిన్నెలకు దూరంగా వేరే మేకుకు తగిలించింది. నా కూర అందులోనే. పెసలను తోకలు పొడుగ్గా వచ్చేదాకా మొలకెత్తించి, వెల్లుల్లి వేసి, నిప్పుల మీద అట్లా ఇట్లా తిప్పి దించేది. గోధుమపిండి ముద్దను రెండు చేతులతో సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసేది. చూస్తుండగానే అది నూలు చిలప లాగా దారాలు దారాలుగా విడిపోయేది. మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకది చూస్తూ కూర్చోవడం తిండికన్నా ఇష్టంగా ఉండేది. వాళ్లు పుల్లలతో తినేవాళ్లు, నేను చేత్తో. ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నాలు జిన్నింగు మిల్లుల నుంచి దూది నుసి గాలికి ఎగిరొచ్చి పలకల మీద పడేది. పిల్లలు దాన్ని ఊదుకుంటూ అక్షరాలు దిద్దేవాళ్లు. చిన్నపిల్లకు నా మీద ప్రేమ ఎక్కువని నేను అనుకునేవాణ్ణి. ఆదివారం సాయంత్రం నా సంచి తనే తెచ్చిచ్చి, గడపలో నిలబడి, నేను సందు మలుపు తిరిగేదాకా చూసేది.

"అయివారూ, పొద్దుగూకతాంది. ఇంగ పోవా?" అనేది.

అలా ఒక ఏడాది గడిచింది. రెండో ఏడు ఒక శనివారం, మా నాయన దవడ పట్టుకుని ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు. డాక్టరు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను దీపం పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"డాక్టరప్పా, యీ పన్ను పోతే బొమికలు కొరికేదెట్లా?" అన్నాడు మా నాయన. "ఇంగ మూలగంతా వీడే జుర్రుకుంటాడు. ముక్క లేందే ముద్ద దిగదు దొంగనాకొడుక్కి."

"ఎవరికి?" అన్నాడు డాక్టరు.

"ఇంగెవరికప్పా? నీ కాడ నిలబడుకోనుండాడే, వీనికే."

డాక్టరు నావైపు ఒకసారి చూసి, "దీపం నిమ్మళంగా పట్టుకో" అన్నాడు. పన్ను పీకి, దూది పెట్టి, మా నాయనను బస్సుకు పంపాడు. తర్వాత చేతులు కడుక్కుంటూ చిన్న గొంతుతో అన్నాడు.

"ఇంట్లో నేను సెప్పను. ఆమెకు నువ్వే సెప్పుకోవాల."

చెప్పాలనే ప్రతి శనివారం వెళ్లేవాణ్ణి. ఆమె ఎర్రదారం బాండలి దించేది. నా నోరు మూతపడేది. అబద్ధమని తెలిస్తే ఆ ఇల్లు నాకు ఉండదనే భయం. డాక్టరు ఏమీ అడిగేవాడు కాదు. అడిగి ఉంటే బాగుండేది.

ఒక ఆదివారం సాయంత్రం ఎప్పటిలాగే చెప్పకుండా బయలుదేరి, సందు మలుపు దాటాక ఒక అరుగు మీద చీకటి పడేదాకా కూర్చుండిపోయాను. చెప్పాల్సిన మాట నోట్లో సిద్ధం చేసుకుని వెనక్కి నడిచాను. దుకాణంలో అడుగు పెట్టగానే చేపల వాసన తగిలింది. తెర ఎత్తాను.

నలుగురూ పెద్ద బాండలి చుట్టూ కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఆమె ఉలిక్కిపడి, బాండలి మీద మూత పెట్టి, దాన్ని తన వెనక్కి లాక్కుంది. సొంత ఇంట్లో దొంగతనం చేస్తూ దొరికినదానిలా ఉంది ఆమె ముఖం.

"వాసన వచ్చిందా అప్పా? నువ్వు పోయినంకనే పొయ్యి మీద పెట్టినాను. నీ బాండలి ముట్టలేదు, సూడు." మేకువైపు చెయ్యి చూపించింది.

చిన్నపిల్ల బుగ్గలో చేపముక్క పెట్టుకుని, నమలకుండా నావైపే చూస్తోంది. ఆదివారాలు గడపలో అది ఎందుకు నిలబడేదో అప్పుడు అర్థమైంది. నేను ఎప్పుడు పోతానా, చేపలు ఎప్పుడు పొయ్యి ఎక్కుతాయా అని.

"అమ్మా, నేను తింటాను," అన్నాను. "మా ఇంట్లో అందరమూ తింటాం. అబద్ధం చెప్పినాను."

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"ఎందుకప్పా?"

"కప్పలు పెడతారేమోనని."

పిల్లవాడు పడీపడీ నవ్వాడు. "ఆదోనిలో తాగనీకే నీళ్లు లేవు. కప్పలు యాడుండాయి అయివారూ?"

డాక్టరు కూడా నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

"శనివారం, ఆదివారం పిల్లోల్ల నోరు కట్టేసినా గదప్పా, నీకోసరం," అంది.

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. తల వంచుకుని నిలబడ్డాను. పొమ్మంటుందనే అనుకున్నాను. ఆమె బాండలి ముందుకు జరిపి మూత తీసింది. నాకొక పళ్లెం పెట్టింది. చిన్నపిల్ల చప్పున తన గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తోక నాది. ఇయ్యను."

గురువారం ఇంటి అవ్వకు మాత్రం నేను నిజం చెప్పలేదు. "ఆడ ఏం పెట్టిరి రా?" అంటే "పప్పన్నమవ్వా" అనేవాణ్ణి. చదువు ముగిసి ఆదోని విడిచేదాకా అదే మాట. ఒక గడపలో దించిన అబద్ధాన్ని మరో గడపలో మోస్తూనే ఉన్నాను.

మరుసటి శనివారం వెళ్లేసరికి నా మేకు ఖాళీగా ఉంది. మిగతా గిన్నెల మధ్య వెతికాను. దారం విప్పేశారు, వారమంతా వాడకంతో అడుగు మసిబారింది. ఏది నాదో వెంటనే పోల్చుకోలేకపోయాను. ఆ ఆదివారం సాయంత్రం నన్ను సాగనంపడానికి గడపలో ఎవరూ నిలబడలేదు. లోపల చేపలు వేగుతున్నాయి. అందరితో కలిసి తిని, పొద్దుగూకాక నా సంచి నేనే వెతుక్కున్నాను.