గుండీలు లేని కోటుతో గోదావరి దాటి

ఖాజా భాయ్ కుట్టిన పెళ్లి కోటుకు ముందుగా గుండీలు ఉండవు. పెళ్లికొడుకు కోటు తొడుక్కుని నిలబడ్డాక, ఊపిరి పీల్చి వదలమని చెప్పి, ఒంటి మీదనే గుండీలు కుడతాడు. ఇల్లందులో వాళ్ల నాన్న కూడా అట్లాగే కుట్టేవాడట. అందుకే కోటు ఎక్కడికి పోతే ఆయన అక్కడికి పోవాలి. ఈసారి కోటు దుమ్ముగూడెం దాటి, చర్ల రోడ్డుకు లోపలున్న ఒక ఊరి చర్చికి పోవాలి. పెళ్లికొడుకు తండ్రి పౌలు గారు. ఆయన పెళ్లి కోటు కూడా భాయే కుట్టాడు. ప్రార్థన పదకొండు గంటలకు.

ఇల్లందు నుంచి ఆ వైపు వెళ్లేవారు బస్సులో కొత్తగూడెం చేరి, అక్కడ భద్రాచలం బస్సు, భద్రాచలంలో చర్ల బస్సు ఎక్కవచ్చు. నలిగిన కోటుతో దిగినా పరవాలేదనుకుంటే అదే మేలు. భాయ్‌కి పరవా ఉంది. అందుకని నా పాత పెట్రోల్ కారు అడిగాడు. నేను బొగ్గు లారీలు తూచే కాంటా దగ్గర పనిచేస్తాను. చదువు పదో తరగతితో ఆగినా లెక్క వేసే అలవాటు ఆగలేదు. అందుకే కారు సంగతి ఆయనకు ముందే చెప్పాను. వానాకాలం నుంచి దానికి ఒక జబ్బు ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ బాగానే తిరుగుతుంది, కానీ అంటుకోదు. నాలుగైదు రోజులు బుద్ధిగా ఉండి, ఒక పూట మొండికేస్తుంది. బ్యాటరీ మార్చాను, పెట్రోల్ పోయించుకునే బంకు మార్చాను, ఫిల్టర్ మార్చాను. జబ్బు మారలేదు.

"నీ లెక్కల తోటి ఏం తేలింది మరి?" అన్నాడు.

"ఇంకా తేలలేదు భాయ్."

"తేలేలోపల పిలగానికి పిల్లలు పుడతరు. నడువు."

తెల్లవారి ఆరుకు ముందే బయలుదేరాం. కోటు వెనక సీటు కొక్కేనికి వేలాడుతోంది. ముందు సీట్లో భాయ్, ఆయన ఒళ్లో సూదుల డబ్బా. ఇంట్లో మేకు నుంచి తీసిన తాళంతో సెల్ఫ్ కొడితే మొదటిసారికే అంటుకుంది. కొత్తగూడెం దాకా రోడ్డు బాగుంది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, చాయ్ తాగి వచ్చేసరికి బండి మొరాయించింది. ఇంజన్ తిరుగుతూనే ఉంది, అంటుకోదు. మూడో ప్రయత్నానికి అంటుకుంది. అక్కడ టిఫిన్ బాగుంటుంది, బండి నిలపడానికి మాత్రం నీడ ఉండదు.

పాల్వంచ పొగగొట్టాలు వెనక్కి పోయాక రెండు వైపులా అడవి మొదలైంది. గోదావరి వంతెనకు ఇవతల, సారపాకలో టైరులో గాలి చూపిద్దామని ఆగాను. అది నా తప్పు. గాలి సరిగ్గానే ఉంది, బండి మాత్రం మళ్లీ రాలేదు. అప్పటికి ఎనిమిదిన్నర.

పక్క షెడ్డులోని మెకానిక్ వచ్చి, ప్లగ్గు విప్పి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. "పెట్రోల్ ఉన్నది గని స్పార్కే లేదు సార్. గిది వేడి జబ్బు. సెన్సార్ కాగితే పనిచెయ్యది. చల్లారనియ్యాలె."

"పోయిన ఆదివారం పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా రాలేదు" అన్నాను.

"అయితే గది ఇంకో జబ్బు" అని ప్లగ్గు బిగించి, బానెట్ తెరిచే ఉంచి లోపలికి పోయాడు.

ఎండ ఎక్కుతోంది. భాయ్ రెండుసార్లు కోటును ముట్టి చూశాడు. పౌలు గారు ఫోన్ చేస్తే "వంతెన కాడ ఉన్నం, అచ్చినట్టే" అని చెప్పి, నా వైపు చూడకుండా ఫోన్ జేబులో పెట్టాడు.

ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాదు. నా చేతిలోని తాళానికి తొడిగిన గుడ్డ గలేబు అంచు కుట్టు ఊడిందని గమనించి లాక్కున్నాడు. ఆ గలేబు ఆయన ఇచ్చిందే. ఇదివరకు ఒకసారి పర్ణశాల దగ్గర తాళం పోగొట్టుకుని, ఇంట్లో ఉన్న రెండో తాళం కోసం నేను బస్సులో ఇల్లందు పోయి వచ్చాను. "ఇంట్ల ఉన్న తాళం అడవిల అక్కరకొస్తదా?" అని, మిగిలిన కోటు గుడ్డతో రెండు అరల గలేబు కుట్టాడు. ఒక అరలో వాడే తాళం తల, మొన బయటికి; దాని వెనక లోపలి అరలో రెండోది. గలేబు తీయకుండానే బండి నడుపుతాను. రెండూ ఎప్పుడూ నా దగ్గరే ఉంటాయి.

వాడే తాళం బయటికి తీసి నాకిచ్చి, గలేబు ఒళ్లో పెట్టుకుని కుట్టసాగాడు. నేను ఒట్టి తాళంతో సెల్ఫ్ కొట్టాను. బండి అంటుకుంది.

"చల్లారింది, చెప్పిన గద" అన్నాడు మెకానిక్, షెడ్డులోంచే.

వంతెన ఎక్కాక నా ఆలోచన వేరే దారిలో పడింది. చల్లారడం ఒకటి, గలేబు తీయడం ఒకటి, రెండూ ఒకేసారి జరిగాయి. బండి ఏ కారణంతో అంటుకుందో అట్లా తెలియదు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే ఆపి, ఒట్టి తాళంతో మళ్లీ చూస్తే ఒక కారణం పోతుంది.

"భాయ్, ఒక్కసారి ఆపి చూస్త."

"ఏంది?"

"ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్త."

"నడుస్తున్నది గద. నడిచేదాన్ని ఆపుతనంటవేంది? పెండ్లి పిలగాడు గుండీలు లేకుంట నిలవడాల్నా? ఆపకు."

ఆపలేదు. భద్రాచలంలో కూడా ఆగలేదు. దుమ్ముగూడెం దాటాక చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంజన్ బందు చేసి డిక్కీ తియ్యిండ్రి."

"సార్, బందు చేస్తే మళ్ల రాదు" అన్నాడు భాయ్. "పెండ్లి కోటు తీసుకపోతున్నం."

కానిస్టేబుల్ తల లోపలికి పెట్టి కోటును చూశాడు. "గుండీలేవి?"

"నా దగ్గరున్నయి."

"బందు చెయ్యిండ్రి. రాకపోతే మేం నూకుతం."

ఆపాను. భాయ్ కళ్లు మూసుకున్నాడు. డిక్కీ చూడటం అయ్యాక సెల్ఫ్ కొడితే వెంటనే అంటుకుంది. ఇంజన్ బాగా కాగి ఉంది, అయినా అంటుకుంది. వేడి జబ్బు కాదన్నమాట. కానీ ఒక్కసారితో రుజువైనట్టు కాదు.

పదిన్నరకు చర్చి ముందు ఆగాం. మెట్ల మీద ఆడవాళ్లు కోయ భాషలో ఏదో అనుకుని నవ్వారు. పౌలు గారు ఎదురొచ్చారు. "నా పెండ్లికి గూడ గిట్లనే ఆఖరికి అచ్చినవు ఖాజా" అన్నారు. భాయ్ కోటు భుజాన వేసుకుని లోపలికి పోయాడు. కాసేపటికి కిటికీలోంచి ఆయన గొంతు వినబడింది. "ఊపిరి పీల్సు బిడ్డా. ఇగ వదులు. పొట్ట లోపలికి గుంజకు, దినమంత గట్లనే ఉంటవా?"

లోపల పాట మొదలైంది. నేను బయట బండిలో ఉండిపోయాను. ఒట్టి తాళంతో ఆపి, స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూశాను. ప్రతిసారీ అంటుకుంది. సీటు మీది గలేబులో తాళం దూర్చి మళ్లీ చూశాను. రెండుసార్లు అంటుకుంది, మూడోసారి ఇంజన్ ఊరికే తిరిగింది. అప్పుడు మీటర్ల మధ్య తాళం గుర్తున్న చిన్న ఎర్ర దీపం ఆరకుండా మిణుకుతోంది. ఇన్నాళ్లూ పెట్రోల్ ముల్లునే చూశాను గానీ దాన్ని చూడలేదు. గలేబు తడిమితే, లోపలి అరలో రెండో తాళం జారి మొదటిదాని తలకు ఆనుకుని ఉంది. దాన్ని కిందికి తోస్తే బండి అంటుకుంది. పైకి తోస్తే అంటుకోలేదు.

ఇలాంటి బండ్లలో తాళం తలలో ఒక చిప్పు ఉంటుంది. బండి దాన్ని గుర్తుపడితేనే ఇంజన్‌కు స్పార్క్ ఇస్తుంది. రెండు చిప్పులు ఒకేసారి పలికితే ఏదీ వినబడదు. రెండు తాళాలు ఒకే గుత్తికి వేసుకుని అడవి దారిలో తిరిగేవారు ఇది గుర్తుంచుకోవాలి.

బగారా అన్నం, కోడికూర తిని రెండు దాటాక తిరుగుముఖం పట్టాం. కోటు బాగా కుదిరిందని భాయ్ సంతోషంగా ఉన్నాడు. అందుకే చెప్పాలా వద్దా అని కొంత దూరం ఆలోచించాను. ఆయనే అడిగాడు.

"ఏం తేలింది?"

చెప్పాను. ఆయన గలేబును చేతుల్లో తిప్పి తిప్పి చూశాడు.

"అంటే, నేను కుట్టిందే అడ్డం పడ్డదా?"

"కుట్టు మంచిదే భాయ్. రెండు తాళాలు ఒక్క తాన ఉండుడే అడ్డం."

వంతెన మీదకు వచ్చాం. కింద గోదావరి సగం ఇసుకగా ఉంది. డబ్బాలోంచి చిన్న కత్తెర తీసి లోపలి అర కుట్లు ఒక్కొక్కటి కోశాడు. గుడ్డ చిరగకుండా, నిదానంగా. పోగులు ఊది, రెండో తాళాన్ని తన లాల్చీ జేబులో వేసుకున్నాడు.

"ఇది నా దగ్గరుంటది. నువ్వు తాళం పోగొట్టుకుంటే నాకు ఫోన్ చెయ్. నేనే తీసుకొస్త."

"బస్సులనా?"

"బస్సులనే. తాళం నలుగదు గద."

తిరుగు దారిలో ఎక్కడా ఇబ్బంది లేదు. మొత్తం మీద మంచి ప్రయాణం. భద్రాచలం దాటాక తాగే నీళ్లు వెంట ఉంచుకోవాలి, చెక్‌పోస్టు దగ్గర కొంత సమయం పోతుందని ముందే అనుకోవాలి. అంతకుమించి భయపడాల్సింది ఏమీ లేదు.

పొద్దు వాలకముందే ఇల్లందులో ఆయన ఇంటి ముందు ఆగాను. పొద్దుటి నుంచి పడిన అలవాటుతో ఇంజన్ ఆపలేదు. భాయ్ సూదుల డబ్బా చంకన పెట్టుకుని దిగి, కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు.

"ఇప్పుడు ఆపు."

ఆపాను.

"మళ్ల స్టార్ట్ చెయ్."

అంటుకుంది. ఆ చప్పుడు కాసేపు విని, జేబులో తాళం ఉందో లేదో తడిమి చూసుకుని, లోపలికి పోయాడు.