రాహుకాలంలో కట్టిన జట్టు

దోహాలో మా ఆఫీసు తెలుగువాళ్ళం ఫాంటసీ బేస్‌బాల్ ఆడతాం. అమెరికా ఆటగాళ్ళను ఎంచుకుని ఫోన్లో జట్లు కడతాం. వాళ్ళు అక్కడ ఆడితే మాకిక్కడ పాయింట్లు. బేస్‌బాల్ బ్యాటును మాలో ఎవరూ ముట్టుకున్న పాపాన పోలేదు.

నా ప్రత్యర్థి మూర్తిగారు రాహుకాలంలో ఏ పనీ మొదలుపెట్టరు. అందుకే లీగ్ నడిపే నేను, ఆటగాళ్ళ ఎంపికను శుక్రవారం సరిగ్గా రాహుకాలంలో పెట్టాను. అనుకున్నట్టే ఆయన ఫోన్ తాకలేదు. ఆయన వంతు వచ్చినప్పుడల్లా కంప్యూటరే పేరున్నవాణ్ణి ఎంచిపెట్టింది. నేనేమో నెలల తరబడి పరిశోధించి, ఎవరికీ తెలియని ఆణిముత్యాలను ఏరుకున్నాను. ఆ ఆణిముత్యాలు సీజనంతా బెంచీ మీదనుంచి లేవలేదు.

కప్పు మూర్తిగారిదే. విందులో అందరి ముందూ నాకు శాలువా కప్పి, "నా జట్టుకి ముహూర్తం పెట్టింది ఈయనేనండీ" అన్నారు.

నా మేధస్సుకు ఇప్పటివరకు దక్కిన సత్కారం అదొక్కటే.