సుంకమ్మ ఎడమచేతి చిటికెన వేలు

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఎవరింట్లో పడుగు అయిపోవచ్చినా ముందు సుంకమ్మకు కబురు వెళ్తుంది. నేసిన పడుగు చివరికి వచ్చిందని దాన్ని మొత్తం తీసేయరు. మూరెడు పోగులు మగ్గానికే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వాటి కొసలకు అతుకుతారు. ముడి వేయకూడదు, ముడి పడితే నేతలో అడ్డం పడుతుంది. రెండు కొసల్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క నలుపు నలిపితే అవి ఎప్పుడూ ఒకటే అన్నట్టు కలిసిపోవాలి. చీరల పడుగంటే రెండువేల నాలుగువందల పోగులు. అన్నీ అతికేసరికి ఒక రోజు గడిచి రెండో రోజు మధ్యాహ్నమవుతుంది.

సుంకమ్మకు నలభై మూడేళ్లు. పన్నెండేళ్లప్పుడు తల్లి పక్కన కూర్చుని నేర్చుకున్న పని ఇది. దీనికి ఆమె వెంట తీసుకెళ్లేదల్లా నడుముకు దోపుకునే చిన్న అల్యూమినియం డబ్బా. అందులో పిడకల బూడిద, పలచటి గుడ్డలో జల్లించినది. వేళ్లు కాస్త చెమర్చినా పోగు జారిపోతుంది. బూడిద అద్దుకుంటే పట్టు నిలుస్తుంది. పది పోగులకోసారి వేళ్లు డబ్బాలోకి వెళ్లి వస్తాయి. సుంకమ్మ అటు చూడను కూడా చూడదు.

ఈ పనిలో చేతులకూ కళ్లకూ తీరిక ఉండదు గానీ, చెవులు ఖాళీ. చదువు ఆమెలోకి ఆ దారినే వచ్చింది.

కూతురు పవిత్ర ఇంటర్ చదివే రోజుల్లో తల్లి ఏ ఇంట్లో పడుగు అతుకుతుంటే ఆ ఇంటికే పుస్తకాలు తెచ్చుకుని, గోడకానుకుని పైకి చదివేది. పరీక్షలు దగ్గరపడేసరికి కూతురు తడబడినచోట తల్లి అందించడం మొదలైంది.

"నా బదులు నువ్వే పోయి రాయిమ్మా" అంది పవిత్ర విసుగ్గా.

"నీ బదులు ఎందుకే, రాస్తే నా పేరుతోనే రాస్తా" అంది సుంకమ్మ.

అన్నంత పనీ చేసింది. పెళ్లితో ఆగిపోయిన ఇంటర్‌ను ఓపెన్ స్కూల్లో కట్టి, కూతురు పాసైన ఏడాదే తనూ పాసైంది. పవిత్ర ఇంజనీరింగ్‌కు కడపకు వెళ్లి హాస్టల్లో చేరింది. సుంకమ్మ దూరవిద్యలో బి.ఏ. కట్టింది. భర్త రామలింగప్ప మగ్గం గుంటలోంచి తల పైకెత్తి, "మన ఇంట్లో ఇంగ నేనొక్కన్నే అన్నెం పున్నెం తెలియనోన్ని" అన్నాడు. ఆయన అభ్యంతరమూ అదే, ఆశీర్వాదమూ అదే.

అప్పటి నుంచి ఆమె ఏ ఇంటికి వెళ్లినా మగ్గం కర్రకు ఫోను ఆనించి పాఠం పెట్టుకునేది. ఇల్లుగలవాళ్లు చెవులు మూసుకోలేరు కదా. కండెలు చుట్టే ఆడవాళ్లంతా మెల్లగా పాఠం దగ్గరకు జరిగారు. వీధి వీధంతటికీ ఫ్రెంచి విప్లవం తెలిసిపోయింది. పడుగు అయిపోయి ఆమె లేచి వెళ్తే పేచీ వచ్చేది.

"ఏమ్ సుంకమ్మక్కా, ఆ రాజును నరికినారా లేదా? సగంలో ఇడ్సి పోతాండావే."

"నరికినార్లే. పక్కింట్లో అతికేటప్పుడు నరికినారు. నువ్వు రాల్యా."

చరిత్రా రాజనీతీ తెలుగూ ఇలా వింటూ వింటూనే దాటేసింది. ఇంగ్లీషు దగ్గర ఆగింది. మొదటిసారి పరీక్ష నాడే ఒక పెళ్లి చీరల పడుగు తొందరపెట్టింది, వెళ్లలేకపోయింది. రెండోసారి వెళ్లి రాస్తే ఇరవై ఏడు వచ్చాయి, ముప్పై అయిదు రావాలి. ఇప్పుడు మూడోసారి. అన్నీ పాసై ఈ ఒక్క పేపరు మిగిలింది. పైగా సిలబస్ మారింది. పాత సిలబస్ వాళ్లకు ఇదే ఆఖరి పరీక్ష అని కాగితం అతికించారు. ఇది తప్పితే ఆ ఏడాది పేపర్లన్నీ కొత్త పుస్తకాలతో మళ్లీ రాయాలి.

ఊళ్లో కాలేజీలోనే ఉన్న దూరవిద్య సెంటర్‌లో ఆదివారాలు ఇంగ్లీషు చెప్పేది కిరణ్‌కుమార్. ముప్పై ఏళ్లవాడు, బజారులో కిరాణా కొట్టు వెంకటరమణయ్య కొడుకు. పీజీ చేసి, ఆపైన ఇంకో అర్హత పరీక్ష కూడా పాసై, ఆరేళ్లుగా గెస్ట్ లెక్చరర్‌గానే ఉన్నాడు. ప్రతి జూన్‌లో మళ్లీ రమ్మంటారో లేదో అని ఎదురుచూడటం అతనికి అలవాటైపోయింది. సుంకమ్మ అంటే అతనికి గౌరవం. క్లాసుకు ప్రతివారం వచ్చేవాళ్లలో అడిగిన ప్రశ్నే మళ్లీ అడగడానికి సిగ్గుపడని మనిషి ఆమె ఒక్కతే.

పరీక్ష ముందురోజు సాయంత్రం పవిత్ర ఫోన్ చేసింది.

"అమ్మా, చదివినావా?"

"లెటర్ రాసేది వచ్చింది. ఆ ఎస్సే ఒకటే, నీళ్ల మీద రాసినట్టుండాది. నీ సంగతేమి? కంపెనీలు వచ్చినాయా?"

"వచ్చింది ఒకటి. మూడొందల మందిలో నలుగుర్ని తీసుకునిరి. మా క్లాసులో నన్ను పేరు పెట్టి పిల్చే సారు ఒక్కరు లేరమ్మా. నిన్ను సూడు, వీధంతా అడుగుతాది."

"వీధి అడుగుతాది గానీ మార్కులెయ్యదు కదే. నువ్వు తిని పడుకో."

"రేపు బయోమెట్రిక్ అంట. ఒకరి బదులు ఒకరు రాస్తాండారని ఈసారి పెట్టినారు. వేలు గట్టిగా, పొడిగా పెట్టు. జారనీయద్దు."

"వేలు జారకుండా పెట్టేది నాకు నువ్వు నేర్పిస్తావా" అని నవ్వింది సుంకమ్మ.

పరీక్ష తొమ్మిదికి. ఎనిమిదిన్నరకల్లా ఆమె వరుసలో ఉంది. వరండాలో బల్ల, బల్ల మీద అరచేయంత యంత్రం, దాని వెనక కిరణ్‌కుమార్, పక్కన అటెండర్ ఉరుకుందు. ఒక్కొక్కరే వేలు పెడుతున్నారు, పచ్చ దీపం వెలుగుతోంది, లోపలికి వెళ్తున్నారు.

సుంకమ్మ వంతు వచ్చింది. బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం.

"తుడుచుకుని పెట్టమ్మా" అన్నాడు కిరణ్‌కుమార్.

తుడుచుకుంది, పెట్టింది. ఎర్రదే. ఇంకోసారీ అంతే. కిరణ్‌కుమార్ ఆమె చెయ్యి తిప్పి వెలుగులో చూశాడు. ముప్పై ఏళ్లుగా పోగుల్ని నలిపిన వేలు. నున్నగా, గులకరాయిలా ఉంది. గీత అన్నదే కనపడలేదు.

"రేఖలు అరిగిపోయినాయమ్మా."

"అరిగితే? వేలు నాదే కదా సార్."

"నీదేనని నాకు తెలుసు. దీనికి తెలియాల కదా."

"మీరు చెప్పండి దానికి."

వరుసలో ఎవరో నవ్వారు. కిరణ్‌కుమార్ నవ్వలేదు. దీపం వెలగకుండా లోపలికి పంపితే తప్పు తన పేరు మీద రాస్తారని అతనికి తెలుసు. తొమ్మిదిన్నర దాటితే ఎవర్నీ రానివ్వకూడదని నిబంధన కూడా ఉంది. "కొంచెం పక్కన నిలబడమ్మా. మిగిలినవాళ్లను పంపి మళ్లీ చూద్దాం" అన్నాడు.

ఆమె వెనక ఓబులేసు ఉన్నాడు. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ లారీ నడుపుతాడు, ప్రమోషన్‌కు డిగ్రీ కావాలని పరీక్షలకు సొంతూరికి వచ్చి పోతుంటాడు. అతను వేలు పెట్టాడు. ఎర్ర దీపం.

"ఇదేందప్పా" అన్నాడు ఓబులేసు. "నేనేం పోగులు అతుకుతానా? స్టీరింగ్ పట్టుకుంటే వేలు అరుగుతాదా?"

అతని వెనకామెదీ పడలేదు. ఆ వెనకతనిదీ పడలేదు. తొమ్మిది కొట్టారు. లోపల ప్రశ్నపత్రాలు పంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. వరుసలో గొణుగుడు మొదలైంది. కిరణ్‌కుమార్ యంత్రం తీగ పీకి మళ్లీ పెట్టాడు, ఎవరికో ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు.

సుంకమ్మ స్తంభం దగ్గర నిలబడి అంతా చూస్తోంది. తన వల్లే యంత్రం చెడిపోయిందనుకుంది. ఈసారి ఇంకా గట్టిగా పట్టాలి అనుకుంటూ, ఆలోచనలో ఉండగానే ఆమె కుడిచేయి నడుముకు వెళ్లింది. డబ్బా మూత తెరుచుకుంది, రెండు వేళ్లు లోపలికి వెళ్లి వచ్చాయి.

ఉరుకుందు అప్పుడే యంత్రాన్ని కంటి దగ్గర పెట్టుకుని ఊదాడు. తెల్లగా పొగలా లేచింది. తుమ్మాడు.

"సార్, దీని మీద బూడిదుండాది."

"బూడిదేందప్పా?"

ఉరుకుందు తల తిప్పి సుంకమ్మ వైపు చూశాడు. ఆమె చూపుడువేలూ బొటనవేలూ తెల్లగా ఉన్నాయి. మూత తెరిచిన డబ్బా ఎడమచేతిలో ఉంది.

"సుంకమ్మక్కా" అన్నాడు ఉరుకుందు నిదానంగా, "వరుసలో నిలబడి ఎన్నిసార్లు అద్దుకుంటివి?"

సుంకమ్మ తన చేతుల్ని చూసుకుంది. మొదటిసారి వేలు పెట్టేముందు అద్దుకుంది. తుడుచుకోమన్నప్పుడు కొంగుకు తుడుచుకుని, మళ్లీ అద్దుకుంది. అద్దినదంతా యంత్రానికే అంటుకుంది. జారకూడదు కదా. ఇన్నేళ్లలో పట్టు కావాలన్న ఏ పనికీ ఆమె చేయి బూడిద లేకుండా వెళ్లలేదు.

"నాకు తెలియనే తెలియదప్పా" అంది. "పాప గట్టిగా పెట్టమన్యాది. గట్టిగంటే నాకు ఇంతే తెలుసు."

ఓబులేసు ముందు నవ్వాడు, తర్వాత వరుసంతా నవ్వింది. ఉరుకుందు చొక్కా అంచుతో యంత్రం మీది గాజుపలక తుడిచాడు. ఓబులేసు వేలు పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. "నేను పోతాండా అక్కా, నీ బూడిదతో నాకు పావుగంట పోయ" అని పరుగెత్తాడు. మిగిలినవాళ్లూ వరుసగా లోపలికి వెళ్లిపోయారు. వరండాలో సుంకమ్మ ఒక్కతే మిగిలింది. తొమ్మిదీ ఇరవై.

"కుళాయి ఆడుండాది. సబ్బు నేనిస్తా, రా" అన్నాడు ఉరుకుందు.

మోచేతుల దాకా కడుక్కుని, ఆరబెట్టుకుని వచ్చింది. బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం. చూపుడువేలు. ఎర్ర దీపం. బూడిద పోయినా అరుగుదల పోలేదు. ఆమె మొహంలో మొదటిసారి బెరుకు కనిపించింది. "పోనీ సార్" అంది చిన్నగా. "మీ పనికి ఇబ్బంది కాకూడదు. నేను మల్లా మొదటి నుంచి రాస్తా."

కిరణ్‌కుమార్ ఆ మాట విననట్టే ఆమె రెండు చేతులూ బల్ల మీద పరచమన్నాడు. "ఆధార్‌కు పది వేళ్లూ ఇచ్చింటావు కదమ్మా. ఏదో ఒకటి కలిస్తే చాలు. నువ్వు అతికేటప్పుడు ఏ వేలు ఏమి చేస్తాది, చెప్పు."

సుంకమ్మ కళ్లు మూసుకుంది. లేని పోగుల్ని గాలిలో అతుకుతూ చెప్పింది. "కుడిది రెండు వేళ్లు నలుపుతాయి. నడిమి వేలు పోగును ఆపుతాది. ఎడమ చేతిది మూడు వేళ్లు కొసలు ఏరతాయి. ఉంగరం వేలు తోస్తాది..." చేయి ఆగింది. కళ్లు తెరిచింది. "ఎడమ చేతి చిటికెన వేలు ఏమీ చెయ్యదు సార్. వట్టి సోమరిది. ఊరికే నిక్కి నిలబడుకోనుంటాది."

"అది పెట్టు."

పెట్టింది. యంత్రం కాసేపు ఆలోచించింది. పచ్చ దీపం వెలిగింది.

ఉరుకుందు గడియారం చూశాడు. తొమ్మిదీ ఇరవై ఏడు. "పరుగెత్తక్కా" అన్నాడు. సుంకమ్మ పరుగెత్తలేదు. డబ్బాను బల్ల మీద పెట్టి, "ఇది ఈడనే ఉండనీ, లోపలికి తీసకపోతే పేపరుకు కూడా పూస్తానేమో" అని చెప్పి వెళ్లింది.

లెటర్ ఆమెకు వచ్చినదే పడింది. ఎస్సే వచ్చినంత రాసింది.

ఆ మధ్యాహ్నమే సగంలో ఆపిన పడుగు దగ్గరకు వెళ్లి కూర్చుంది. ఆ సాయంత్రానికల్లా కథ వీధంతటికీ తెలిసిపోయింది. మరునాడు సుంకమ్మ ఎడమచేతి చిటికెన వేలికి గుడ్డపేలిక చుట్టుకుని పనికి వచ్చింది. బూడిద సోకకూడదు, పోగు తగలకూడదు.

"వేలికేమాయె అక్కా, తెగిందా?"

"ల్యా. సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు మల్లా అడుగుతారు కదా. దాచిపెట్టుకుంటాండా."

ఇక ఆటపట్టించడానికి హద్దు లేకపోయింది. చిటికెన వేలుకు నైవేద్యం పెట్టినావా అని ఒకరు, ఆ వేలును ఎండలో తిప్పొద్దు కందిపోతాది అని ఇంకొకరు. రామలింగప్ప మాత్రం నూలు గుడ్డలో మెత్తటి ముక్క ఏరి, రోజూ పొద్దున్నే తానే చుట్టి ముడేసేవాడు. "తొమ్మిది వేళ్లు మాకు, ఒకటి కాలేజీకి" అనేవాడు.

మూడు నెలలకు ఫలితాలు వచ్చాయి. ముందు చూసింది పవిత్ర. వెంటనే ఫోన్ చేసి, "నలభై ఒకటి" అంది. సుంకమ్మ ఆ వారం చేతిలో ఉన్న పడుగు ముగించుకుని, తలంటుకుని, పేలిక కట్టిన వేలితో కాలేజీకి వెళ్లింది.

ఉరుకుందు సర్టిఫికెట్ తీసి రిజిస్టరు ముందుకు జరిపాడు. సుంకమ్మ బల్ల దగ్గర నిలబడి పేలిక ముడి మెల్లగా విప్పి, చిటికెన వేలును కొంగుతో ఒకసారి తుడిచి, చాపింది.

"దాంతో పనిల్యాక్కా" అన్నాడు ఉరుకుందు. "దీనికి సంతకం చాలు."

సుంకమ్మకు ఒక్క క్షణం మనసు చిన్నబోయినట్టయింది. మూడు నెలలు బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది ఆ వేలును. సరేలే అన్నట్టు పెన్ను తీసుకుని, తెలుగులో పూర్తి పేరు రాసింది.

వెనక కుర్చీలో కిరణ్‌కుమార్ కూర్చున్నాడు. ఈ జూన్‌లో కూడా అతన్ని రమ్మన్నారు. "ఎం.ఏ. చరిత్రకు వచ్చే నెలలో ఫీజు కట్టించుకుంటారమ్మా. దానికి మాత్రం వేలు అడుగుతారు" అన్నాడు.

సుంకమ్మ సర్టిఫికెట్‌ను చంకలో పెట్టుకుంది. బల్ల మీది పేలిక తీసుకుని ఎడమచేతిని ఉరుకుందు ముందు చాపి, "ఒంటిచేత్తో ముడి పడదప్పా, కొంచెం కట్టు" అంది.