‘వదిన’ పేరుకు ఒకే ఫలితం

రెండేళ్ల క్రితం జూన్‌లో తాడేపల్లిగూడెంలోని ఒక కాలేజీ లైబ్రరీలో డిజిటల్ అసిస్టెంటుగా చేరాను. కాంట్రాక్టు ఉద్యోగం. హోదాలో లైబ్రేరియన్ గారికి కింద, అటెండరుకు పైన. జీతంలో ఇద్దరికీ కింద. గడువు తీరాక పొడిగించలేదు కాబట్టి, ఇరవై తొమ్మిదేళ్లకే ఆ ఉద్యోగం నుంచి రిటైరయ్యానని చెప్పుకోవచ్చు. అక్కడ చేసిన పనుల్లో చెప్పదగినది ఒకటుంది.

ఆ వర్షాకాలంలో మా చరిత్ర విభాగానికి ఒక విదేశీ వీడియో ఆర్కైవ్‌లో నెల రోజుల ఉచిత ప్రవేశం దొరికింది. యూరప్‌లోని యూదులను నాజీలు ఊచకోత కోసిన హోలోకాస్ట్ నుంచి బతికి బయటపడినవారు ముసలితనంలో కెమెరా ముందు కూర్చుని చెప్పిన సాక్ష్యాలు అందులో ఉంటాయి. ఒక్కొక్కటి రెండు మూడు గంటలు. అందులో వెతకడానికి ఒక పద్ధతి ఉంది. వీడియోలో పలికిన ప్రతి మాటా సెర్చ్‌కు అందదు. ఇండెక్సర్ అనే ఉద్యోగి వీడియోను నిమిషానికో ముక్కగా విని, ఒక్కో ముక్కకు ముందే ఖరారైన విషయ పదాలు తగిలిస్తాడు. చెప్పినవారు ప్రస్తావించిన మనుషుల పేర్లను వేరే గడిలో చేరుస్తాడు. అతను చేర్చనిది వెతికేవాళ్లకు లేనట్టే.

ఈ సంగతి మా బీఏ విద్యార్థిని ఒకమ్మాయి ఇంట్లో చెప్పింది. మర్నాడే ఆమె తాతగారు భీమడోలు నుంచి పాసింజరు ఎక్కి వచ్చేశారు. పేరు వీర్రాజు. ఎనభై దాటిన మనిషి, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు కొల్లేటి లంక. ఆయన కావాలన్నది ఇది: యుద్ధకాలంలో జర్మనీ వాళ్ల నుంచి తప్పించుకొచ్చిన యూదుల డాక్టరమ్మ ఒకావిడ ఏలూరు మిషన్ ఆసుపత్రి నుంచి లంకలకు వచ్చేవారు. వీర్రాజు గారి నాన్నగారు ఆవిడను దోనెలో తిప్పేవారు. భోజనం, పడక వీళ్లింట్లోనే. ఆవిడ వెళ్లిపోయిన మరుసటి ఏడే వీర్రాజు గారి తల్లి పోయారు. అప్పటికి ఈయనకు అయిదేళ్లు. తల్లి ఫొటో లేదు, ముఖం గుర్తులేదు. ఎరిగినవాళ్లెవరూ మిగల్లేదు.

“ఆ డాక్టరమ్మగారు గానీ ఆ వీడియోల్లో ఉంటే, మా అమ్మ గురించి ఒక్క ముక్కయినా చెప్పకపోతారా అండీ” అన్నారు.

నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను.

“ఆవిడ పేరేమిటండీ?”

“డాక్టరమ్మగారండీ.”

“అది కాదండీ, అసలు పేరు.”

“లంకలన్నిటికీ ఉన్నది ఒక్క డాక్టరమ్మండీ బాబూ. ఇంకో పేరెందుకండీ?”

పేరు లేకుండా వెతకాలంటే వడపోతే దారి. స్త్రీలు, ఇండియాకు వలస వచ్చినవారు, వృత్తి డాక్టరు. వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ తెరిచి చూశాను. అందరూ బొంబాయి, కలకత్తా వాళ్లే. కొల్లేరు అని కొట్టాను, ఏమీ రాలేదు. వీర్రాజు గారి తల్లి పేరు రత్తమ్మ. అదీ రాలేదు. ప్రవేశం గడువు శనివారంతో ముగుస్తుంది. వీర్రాజు గారు రోజూ పాసింజరులో వచ్చి నా పక్క కుర్చీలో కూర్చునేవారు. తెర మీద ఎవరు కనిపించినా ముందు వాళ్లకు నమస్కారం పెట్టేవారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన క్యారియర్ విప్పుతూ నాన్నగారి కబుర్లు చెబుతున్నారు. వాళ్ల నాన్న లంకలో అందరికీ అన్నయ్యట. అందుచేత వాళ్లమ్మను పేరు పెట్టి పిలిచినవాళ్లే లేరట.

“మరి డాక్టరమ్మగారు ఏమని పిలిచేవారండీ?”

“అందరూ పిలిచినట్టే. వదినా అనేవారట.”

నేను మనుషుల పేర్ల గడిలో ‘వదిన’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఒకే ఒక్క ఫలితం వచ్చింది. పేరు: వదిన. సంబంధం: స్నేహితురాలు.

చెబుతున్నావిడ వృత్తి గడిలో నర్సు అని ఉంది. వియన్నాలో వైద్యం చదువుతుండగా యూదురాలని కాలేజీ నుంచి తీసేశారు. డాక్టరు పట్టా రానేలేదు. డాక్టర్లను మాత్రమే జల్లెడ పట్టి, ఆవిడను మొదటి రోజే నేనే బయట పడేశాను. ఆ మాటే వీర్రాజు గారికి చెప్పాను.

“సూదిమందు వేసేవారు కదండీ. మరి డాక్టరు కాక ఏమవుతారు?” అన్నారాయన.

సాక్ష్యంలో ఎక్కువ భాగం వియన్నా. మూతపడ్డ తండ్రి దుకాణం, స్టేషన్‌లో సాగనంపిన తల్లి, క్రమంగా ఆగిపోయిన ఉత్తరాలు. చివర్లో ఇండియా. నేను వాక్యం వాక్యం తెలుగులో చెబుతూ వచ్చాను.

“నన్ను దోనెలో తిప్పినాయన భార్య పేరు వదిన. ఎంతో అందమైన పేరు. ఆ పేరున్న మనిషి నాకు మళ్లీ తారసపడలేదు” అంది తెర మీది ముసలావిడ.

“ఇంటికొకరున్నారమ్మా మా లంకలో” అన్నారు వీర్రాజు గారు తెరతోనే.

యుద్ధం అయిపోయాక ఒక ఉత్తరం వచ్చిందట. తల్లిని నిర్బంధ శిబిరానికి తీసుకెళ్లి చంపేశారని. అది పట్టుకుని ఆవిడ దోనె దిగింది. వదిన ఏమీ అడగలేదు. బూడిద, చేపల బుట్ట తెచ్చి ముందు పెట్టింది. ఇక్కడ ఆవిడ ఇంగ్లీషు ఆపేసి, వేలు ఆడించి, గొంతు గరుకు చేసుకుని తెలుగులో అంది: “ఏడుపెక్కడికీ పోదులే. ముందీ చేపలు తోము.”

బుట్టెడూ తోమిందట. వదిన చూసి, బాగా తోమలేదని తిట్టి, మళ్లీ మొదటి నుంచి తనే తోముకుందట. తల్లి పోయిన కబురు విన్నాక తనకు పని చెప్పిన మనిషి ఆమె ఒక్కతేనని, మిగతావాళ్లంతా ఓదార్చారని అంది.

ఆ నిమిషానికి ఇండెక్సర్ తగిలించిన పదాలు: తల్లి మరణం, స్నేహం, ఆహారం.

వీర్రాజు గారు అనువాదం అక్కర్లేని ఆ ఒక్క వాక్యాన్నే మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ పెట్టాను. ఎన్నోసారికో వేలు కూడా ఆవిడతో పాటు ఆడించారు.

“వేలు ఇలా ఆడించేదన్నమాట” అన్నారు. మళ్లీ పెట్టించుకుని, “గొంతు గట్టిదే” అన్నారు.

అటెండరు వచ్చి మూసే టైమైందన్నాడు.

“బస్సు నిండినా ఇంకొకరికి చోటుంటుంది బాబూ, ఒక్కసారి” అని ఇంకోసారి విన్నారు.

తప్పులు కనిపిస్తే పంపడానికి ఆర్కైవ్‌లో ఒక ఏర్పాటు ఉంది. వదిన అన్నది పేరు కాదని, అన్న భార్యను అలా పిలుస్తారని, ఆమె పేరు రత్తమ్మ అని రాసి వీర్రాజు గారికి చదివి వినిపించాను.

“రత్తమ్మని చేర్చండి. వదిన మాత్రం కొట్టేయకండి. ఆవిడకి తెలిసింది అదే కదండీ” అన్నారు. అలాగే పంపాను. ఇప్పుడు ఆ గడిలో రెండూ ఉన్నాయని తర్వాత ఆర్కైవ్ నుంచి జవాబొచ్చింది.

వెతికేటప్పుడు మనకు తెలిసిన పేరు కొట్టి లాభం లేదు, చెప్పినవాళ్లకు తెలిసిన పేరు కొట్టాలి. ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇది. ప్రస్తుతం ఏలూరులో చేపల మేత అమ్మే ఒక సంస్థలో స్టాకు సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. కలిదిండి వైపు రైతులు మేతను కంపెనీ పేరుతో అడగరు, బస్తా రంగుతో అడుగుతారు. చేరిన వారంలోనే సాఫ్ట్‌వేర్‌లో రంగుకు ఒక గడి పెట్టించాను.